పళ్లు, కూరగాయలు బాగా తింటే లంగ్ క్యాన్సర్ రాదా?

సుధ:
మా నాన్నగారికి అరవై దాటాయి, కుర్రతనం నుంచీ సిగరెట్లు కాలుస్తున్నారు. మానమంటే "రోజూ పళ్లూ ఆకుకూరలూ తింటున్నాగా, నాకేం కాదు" అంటారు. పైగా ఎవరో చెప్పారని బీటా కెరోటిన్ (క్యారెట్లకి ఆ రంగునిచ్చే పదార్థం, ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది) మాత్రల సీసా ఒకటి తెప్పించుకున్నారు. పళ్లు తినేవాళ్లకి లంగ్ క్యాన్సర్ తక్కువ అని నేనూ చదివాను. ఇందులో నిజమెంత? ఆ మాత్రలు వేసుకోనివ్వచ్చా?

వానకోయిల:
సుధగారూ, ముందు ఆ మాత్రలు ఆపించండి, మిగతాది తర్వాత. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందితో పెద్ద ప్రయోగం చేశారు. కెరోటిన్ కాపాడుతుందనే ఆశతోనే కొందరికి రోజూ 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. 1994లో ఫలితాలు చూస్తే, మాత్రలు వేసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది! అమెరికాలో పొగతాగేవాళ్లకీ, ఆస్బెస్టాస్ పనివాళ్లకీ కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చిన ఇంకో ప్రయోగంలో 28 శాతం ఎక్కువ. దాన్ని 1996 జనవరిలో గడువుకి ముందే ఆపేశారు.

లెక్కలమాస్టారు:
పళ్ల సంగతి నేను చెప్తాను. యూరప్‌లో పది దేశాల జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన ఈపిక్ అనే అధ్యయనం ఉంది. 2004లో వచ్చిన లెక్కల్లో పళ్లు ఎక్కువ తినేవాళ్లలో లంగ్ క్యాన్సర్ కొంత తక్కువగా కనబడింది, కూరగాయలతో మాత్రం అలాంటి సంబంధం తేలలేదు. అయితే ఇక్కడో తిరకాసు ఉంది. బాగా సిగరెట్లు కాల్చేవాళ్లు మామూలుగానే పళ్లు తక్కువ తింటారు, కాబట్టి తేడా పళ్ల వల్ల వచ్చిందా, పొగ వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం, రోజుకెన్ని కాలుస్తారో, ఎన్నేళ్ల నుంచో ఎంత జాగ్రత్తగా లెక్కలో వేసుకున్నా పొగ ప్రభావం కాస్త లెక్కకి అందకుండా మిగిలిపోతూనే ఉంటుంది.

సరే, పళ్ల మేలు నిజమేననుకుందాం. తగ్గేది పదో ఇరవయ్యో శాతం. సిగరెట్ ప్రమాదాన్ని పెంచేది 15 నుంచి 30 రెట్లు. నాన్నగారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించండి.

గాలిపటం:
నేను సిగరెట్ ముట్టనే ముట్టను. మరి నాకు పళ్ల వల్ల లాభం ఉన్నట్టా లేనట్టా?

లెక్కలమాస్టారు:
లంగ్ క్యాన్సర్ వరకే అయితే, ఎప్పుడూ పొగ తాగనివాళ్లలో ఆ సంబంధం పెద్దగా కనిపించదు. మీరు చూసుకోవాల్సింది పక్కవాళ్ల పొగ, కలుషితమైన గాలి, నేలలోంచి ఇళ్లలోకి చేరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు. గుండెకి, బీపీకి పళ్లు మంచివే కాబట్టి తినడం మాత్రం మానకండి.

సుధ:
థాంక్సండీ. మాత్రల సీసా తీసి దాచేశాను, ఇంకా గొడవ మొదలవలేదు :) మరి క్యారెట్లు కూడా పెట్టకూడదా? వాటిలోనూ అదే కెరోటిన్ కదా.

వానకోయిల:
పెట్టండి, భయం లేదు. ఆ ప్రయోగాల్లో చెడు చేసింది రోజూ మందులా ఏళ్ల తరబడి వేసుకున్న పెద్ద మోతాదు. కూరలో క్యారెట్‌తో అలా జరిగినట్టు ఎక్కడా లేదు. మల్టీవిటమిన్ ఏదైనా వాడుతుంటే మాత్రం దాని మీద కెరోటిన్ ఎంతుందో చదివి డాక్టర్‌కి చూపించండి. "ఈ వయసులో మానేస్తే ఏం లాభం" అని ఆయన అంటే, మానేసిన పదేళ్లకి లంగ్ క్యాన్సర్ ప్రమాదం, కాలుస్తూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుందని చెప్పండి.