చైనీస్ పాప్‌లో జాతీయవాదం ఎక్కడ వినపడుతుంది? (చర్చ)

రేడియో_పిచ్చి:
జే చౌ పాటలతో మొదలుపెట్టి ఇప్పటి "గుఫెంగ్" (పాతకాలపు బాణీ) పాటల దాకా వింటుంటే ఒక అనుమానం. గుజెంగ్ (బల్లలా పరిచి మీటే చైనా తీగవాద్యం) మోగితే చాలు, కింద కామెంట్లలో దేశభక్తి పొంగిపోతోంది. ఇదంతా బీజింగ్ చేయించిన పనేనా? ఏది దేశభక్తి పాట, ఏది ఉత్త అలంకారం అని ఎలా పోల్చుకోవాలి?

పాత_క్యాసెట్:
బీజింగ్ కాదండీ, తైపీ. "జోంగ్‌గ్వోఫెంగ్", అంటే చైనా బాణీ, పాప్‌లో స్థిరపడింది 2003లో జే చౌ పాడిన "దోంగ్‌ఫెంగ్ పో"తో. మాటలు రాసింది ఫాంగ్ వెన్‌షాన్. ఇద్దరూ తైవాన్ వాళ్ళే. దీనికి చైనీస్ సంగీత వర్గాల్లో "మూడు పాతలు, మూడు కొత్తలు" అని ఒక కొలత ఉంది. పాతవి: పద్యాల భాష, సంస్కృతి, స్వరాలు. కొత్తవి: పాడే తీరు, అరేంజ్‌మెంట్, ఆలోచన. మొదట్లో గుజెంగ్ శాంపిల్ (రికార్డు చేసిన తునక) ఒకటి జల్లుమనిపించి, తర్వాత మామూలు ప్రేమపాట నడిపిస్తే ఈ కొలతకి నిలవదు.

మోహన_రాగి:
స్వరాల సంగతి మనవాళ్ళకి చెప్పడం తేలిక. చైనా ఐదు స్వరాలని గ్రహభేదం చేసుకుంటూ, అంటే ఒక్కో స్వరాన్నీ షడ్జమం అనుకుంటూ పోండి. గోంగ్ మన మోహనం, షాంగ్ మధ్యమావతి, జ్యుయె హిందోళం, జి శుద్ధ సావేరి, యూ శుద్ధ ధన్యాసి. గమకాలు ఉండవు, రాగభావం వేరు, స్వరస్థానాలు మాత్రం అవే.

గుజెంగ్‌కి 21 తీగలు. శ్రుతి చేసేది ఐదు స్వరాలకే. మధ్యమం కావాలంటే గాంధారం తీగని, నిషాదం కావాలంటే ధైవతం తీగని, తీగని ఎత్తిపట్టే బ్రిడ్జికి ఎడమ పక్కన ఎడమ చేత్తో నొక్కాలి. కీబోర్డు మీద గుజెంగ్ శాంపిల్ పెట్టుకున్నవాళ్ళు ఇది మర్చిపోయి ఏడు స్వరాల్లో పరుగులు తీస్తారు. వినగానే నకిలీ అని తెలిసేది అక్కడే.

ఇంకో కిటుకు: మెలొడీ ఐదు స్వరాలు దాటదు, కానీ కింద కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) దాటుతాయి. ఈ పాటల్లో తరచూ వినపడే వరస నాలుగు-ఐదు-మూడు-ఆరు. సి శ్రుతిలో ఎఫ్, జి, ఇ మైనర్, ఎ మైనర్. ఎఫ్‌లో మధ్యమం ఉంది, జి, ఇ మైనర్‌లలో నిషాదం ఉంది. పైన పాతదనం, కింద పాప్. ఈ వరస జపాన్ పాప్‌కి ఎంత ఇష్టమో తెలిసినవాళ్ళు, "మన ప్రాచీన సంగీతం" అనే కామెంట్లు చూసి నవ్వుకుంటారు.

పాత_క్యాసెట్:
వాయిద్యం కన్నా పాట పుట్టిన సంవత్సరం ఎక్కువ చెబుతుంది. 1978 డిసెంబరులో అమెరికా తైవాన్‌తో సంబంధాలు తెంచుకుని బీజింగ్‌ని గుర్తిస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఉడుకులో తైవాన్ కుర్రాడు హౌ దెజియాన్ "డ్రాగన్ వారసులు" పాట రాశాడు. లీ జియాన్‌ఫూ పాడితే ఊరూరా మోగింది. 1983లో హౌ చైనా వెళ్ళిపోయాడు, తైవాన్‌లో అతని పాటలు ఆపేశారు. అదే పాట చైనాలో దేశభక్తి గీతమైంది. 1989లో తియెనాన్మెన్‌లో నిరాహారదీక్షకి కూర్చున్నదీ ఇతనే. నల్లకళ్ళు, నల్లజుట్టు, పసుపు చర్మం అనే పాదాన్ని అప్పుడే మార్చాడు, ఆ పోలికలు లేని ఉయ్‌ఘుర్‌లాంటి వాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది కాబట్టి. 2000లో లీ జియాన్‌ఫూ బంధువే అయిన వాంగ్ లీహోమ్ దాన్ని మళ్ళీ పాడి, అమెరికా వలస కథతో రాప్ చేర్చాడు. పాట ఒకటే, సొంతదారులు నలుగురు.

సువోనా_సన్నాయి:
అన్నీ తైవాన్ ఖాతాలో వేయకండి. 1984లో చైనా టీవీ వసంతోత్సవ కార్యక్రమంలో హాంగ్‌కాంగ్ గాయకుడు ఝాంగ్ మింగ్‌మిన్ "నా చైనా హృదయం" పాడాడు, అదీ కాంటనీస్‌లో కాదు, మాండరిన్‌లో. బయటివాళ్ళ నోట దేశభక్తి పలికించే సూత్రం అప్పటినుంచీ నడుస్తోంది. ఇక 1986లో బీజింగ్ రాక్ గాయకుడు చుయ్ జియాన్ రేపిన దుమారం తర్వాత వచ్చిన "వాయవ్య గాలి" పాటలు పూర్తిగా అక్కడివే. తైవాన్, హాంగ్‌కాంగ్ మెత్తటి ప్రేమపాటలకి జవాబుగా పసుపు మట్టి పీఠభూమి జానపదం, సన్నాయిలాంటి సువోనా, గొంతు చించుకునే పాట, కింద రాక్ డ్రమ్స్. నేల మీద ప్రేమ నిండా ఉంది, ప్రభుత్వం మీద మాత్రం సందేహమే.

మిన్నాన్_మాట:
తైవాన్‌లో జాతీయవాదం భాషలో దాక్కుంటుంది. 1976 ప్రసార చట్టం టీవీ, రేడియోల్లో అక్కడ ఎక్కువమంది ఇంటి భాష అయిన తైవానీస్ హొక్కియెన్‌కి కోత పెట్టింది. 1987లో మార్షల్ లా పోయింది. 1989లో బ్లాక్‌లిస్ట్ స్టూడియో అనే బృందం తైవానీస్‌లో రాప్, రాక్ కలిపి ఆల్బం తెచ్చింది. అక్కడ ఏ భాషలో పాడావన్నదే సగం రాజకీయం. హాంగ్‌కాంగ్‌లో ఇంకో చిక్కు: కాంటనీస్‌లో మాట స్థాయి, ట్యూన్ స్థాయి కలవాలి, లేకపోతే అర్థం మారిపోతుంది. మాండరిన్ పాప్‌లో అంత పట్టింపు లేదు. అందుకే మాండరిన్ దేశభక్తి పాటని మాటలు మాత్రం మార్చి కాంటనీస్‌లోకి తేవడం కుదరదు, కొత్తగా రాయాల్సిందే.

రేడియో_పిచ్చి:
మరి బీజింగ్ చెయ్యి ఎక్కడ కనపడుతుంది?

సువోనా_సన్నాయి:
బాణీలో కన్నా మార్కెట్లో. 2000 మేలో తైవాన్ అధ్యక్షుడిగా చెన్ షుయ్-బియెన్ ప్రమాణస్వీకారంలో జాతీయగీతం పాడిన తైవాన్ గాయని అమెయ్‌కి చైనా తలుపులు కొన్నేళ్ళు మూసుకుపోయాయి. 2016 జనవరిలో, తైవాన్ ఎన్నికల ముందురోజు, కొరియన్ గ్రూపులోని తైవాన్ అమ్మాయి చౌ జూయు క్షమాపణ వీడియో వచ్చింది. ఆమె చేసిందల్లా ఒక కొరియన్ టీవీ షో ఆన్‌లైన్ ప్రసారంలో తైవాన్ జెండా పట్టుకోవడమే. 2021 అక్టోబరులో మలేసియా రాపర్ నేమ్‌వీ, గాయని కింబర్లీ చెన్ చైనా మీద పాడిన వ్యంగ్య యుగళగీతం రాగానే చైనా సోషల్ మీడియా వెయ్‌బోలో వాళ్ళ ఖాతాలు మాయం. ఆ పాట ట్యూన్ మాత్రం తేనెలా ఉంటుంది. అదే నెల 1 నుంచి కరావోకే నిబంధనలు అమల్లోకి వచ్చాయి: దేశ ఐక్యతకి హాని అనిపించే పాటల్ని జల్లెడ పట్టే పని పాటలు సరఫరా చేసే కంపెనీలదే. ఇంక ఏ కంపెనీ రిస్క్ తీసుకుంటుంది?

రాప్‌ది ఇంకా విచిత్రం. 2017లో ఆన్‌లైన్ పోటీతో ఒక్కసారి ఎగిసింది, 2018 జనవరిలో టీవీలో హిప్‌హాప్ వద్దన్నారు. తర్వాత నిలదొక్కుకున్నవాళ్ళలో చాలామంది దేశం గురించో, సొంత ఊరి గురించో రాసుకున్నారు. చెంగ్డూ రాప్ బృందం "తియెన్‌ఫూ షిబియెన్" అయితే 2016 నాటికే యువ కమ్యూనిస్ట్ లీగ్ అండతో ఆ దారి పట్టింది.

మోహన_రాగి:
గుఫెంగ్‌కి సాహిత్యమే పరీక్ష. నెట్ అభిమానులు ఆటల సంగీతానికి మాటలు కట్టుకుంటూ పెంచిన శైలి ఇది. ఎక్కువైన కొద్దీ ఒకే మూస పడింది: జుషా (సింధూరం), థియెన్‌షియా (ఆకాశం కింది లోకం), ఫన్‌హ్వా (వైభవం), నియెన్‌హ్వా (గడిచిన ఏళ్ళు). అన్నీ "ఆ"తో ముగిసే ప్రాస, అర్థం గాలికి. చైనా నెట్‌లోనే దీన్ని వెక్కిరిస్తారు. ఈ పదాల్లో "నేను", "నువ్వు" ఉన్నంతసేపు ప్రేమపాట. "మనం", "పర్వతాలు-నదులు" వచ్చాయా, దేశం వచ్చినట్టే.

పాత_క్యాసెట్:
మూసలో పడని పాటలోనూ పొరపాటు దొర్లుతుంది. 2007లో వచ్చిన జే చౌ పాట "చింగ్‌హ్వా త్సు" పేరు నీలి-తెలుపు పింగాణీది. కానీ అందరికీ నోటికొచ్చిన, వానకోసం ఎదురుచూసే ఆకాశనీలం ఉన్న పాదం సోంగ్ రాజుల కాలపు "రూ" అనే మరో రకం పింగాణీ పాత్రల వర్ణన. రూ పాత్రకి రంగంతా పై పూతలోనే. నీలి-తెలుపు పాత్రకి ముందు కోబాల్ట్‌తో బొమ్మ గీసి, దాని మీద పారదర్శకమైన పూత వేసి కాలుస్తారు. పాత్రలు సేకరించేవాళ్ళు ఆ పాదం దగ్గర ఇప్పటికీ నొసలు ముడుస్తారు.