గుండు కొట్టించుకొని వస్తే మనిషిని గుర్తుపట్టలేకపోతున్నా, ఇది జబ్బా?

లాడ్జి కౌంటర్:
తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జిలో రిసెప్షన్‌లో కూర్చుంటా, ఆరేళ్లయింది. పొద్దున ఆధార్ చూసి, సంతకం పెట్టించి, వేడినీళ్లు ఎప్పుడొస్తాయో కూడా చెప్పి తాళం ఇచ్చిన మనిషే మర్నాడు కొండ దిగి గుండుతో, గంధం పూసుకొని వస్తే "ఎవరు కావాలండీ" అంటున్నా. నిన్న ఒకాయనకు తాళం ఇవ్వనన్నా, పెద్ద గొడవ, వాళ్లావిడ వచ్చి చెప్పేదాకా నమ్మలేదు. అదే మా బావమరిది గుండుతో అలిపిరి జనంలో వస్తుంటే రోడ్డు అవతలి నుంచే పట్టేశా. కళ్లు చూపించుకున్నా, బాగానే ఉన్నాయన్నారు. మతిమరుపేమో అని టెన్షన్.

సైకాలజీ పిల్లోడు:
జబ్బేం కాదన్నా. 1979లో హేడిన్ ఎల్లిస్, షెపర్డ్, డేవిస్ అనే సైకాలజిస్టులు దాదాపు మీ సమస్యనే పరీక్షించారు. కొన్ని ఫొటోల్లో కళ్లు, ముక్కు, నోరు మాత్రమే ఉంచారు, కొన్నిట్లో అవి తీసేసి జుట్టు, ముఖం అంచు ఉంచారు. అందరికీ తెలిసిన ప్రముఖులనైతే కళ్లు, ముక్కు, నోటితోనే బాగా గుర్తుపట్టారు. కొత్త ముఖాల దగ్గర ఆ తేడా లేదు, జుట్టూ అంతే పనిచేసింది. కాబట్టి మీ బావమరిది మీ బుర్రలో కళ్లూ ముక్కుతో ఉన్నాడు, కస్టమరేమో సగం జుట్టుతో ఉన్నాడు. ఆ సగం కల్యాణకట్టలో ఇచ్చేసి వచ్చాడు.
అసలు జబ్బు వేరే ఉంది, ప్రోసోపగ్నోసియా. 1947లో బోడామర్ అనే జర్మన్ డాక్టరు పెట్టిన పేరు. అది గట్టిగా ఉన్నవాళ్లకు ఇంట్లోవాళ్ల ముఖం కూడా తెలియదు, గొంతు వినాలి.

చిత్తూరోడు:
మా పాప పుట్టెంట్రుకలప్పుడు నేనూ గుండు కొట్టించుకున్నా. నన్ను చూసి అది వాళ్లమ్మ కొంగు వదలకుండా ఒకటే ఏడుపు. నాది తెలిసిన ముఖమే కదా తమ్ముడూ, దానికేమంటావు?

సైకాలజీ పిల్లోడు:
పసిపిల్లల సంగతి వేరు. పుట్టిన నాలుగు రోజులకే అమ్మ ముఖాన్ని ఎక్కువసేపు చూస్తారు, కానీ అమ్మా, ఇంకో ఆవిడా ఇద్దరూ తలకు గుడ్డ చుట్టుకుంటే ఆ తేడా పోయిందని 1995లో పాస్కాలిస్ బృందం చూపించింది. మీ పాప అంత చిన్నదేం కాదులే, అది మీ గుండు అందం చూసి కూడా ఏడ్చి ఉండొచ్చు.

రిటైర్డ్ క్యాషియర్:
బాబూ, ఆధార్ ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే సరిపోదా అంటారేమో, సరిపోదు. 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఆఫీసర్లను పరీక్షిస్తే, ఫొటో వేరే మనిషిదైనా 14 శాతం సార్లు ఎదురుగా ఉన్నవాడిదే అని ఒప్పుకున్నారట. రోజూ అదే పని చేసేవాళ్లు! నేను కౌంటర్లో ఉన్నన్నాళ్లూ ముఖాన్ని నమ్మలేదు, సంతకం చూసేవాణ్ని.

లాడ్జి కౌంటర్:
అయితే రేపటి నుంచి తాళం అడిగితే ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు చెప్పమంటా. నిన్నటాయన ఇంకా రూమ్‌లోనే ఉన్నాడు, కాఫీ పంపించా, తాగాడు గానీ మాట్లాడలేదు.