సమస్యాపూరణం: నత్త కాటు తగిలి నరుఁడు చచ్చె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. పూరణ సముద్రపు నత్తలను దాటకూడదు.

పగడదిబ్బ
శంకునత్తలన్ని చంపును మనుజుని
విసము నింపి కొట్టు వేటగాండ్లు
గుల్ల యంద మెంచి గుప్పిటఁ బట్టఁగా
నత్త కాటు తగిలి నరుఁడు చచ్చె

నిర్వాహకుడు: గణాలు కుదిరాయి, శం–చం యతి చెల్లుతుంది. చిక్కల్లా ‘అన్ని’తోనే. శంకునత్తల్లో 900కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం పురుగుల్ని తింటాయి, కొన్ని తోటి నత్తల్ని. చేపల్ని పట్టేవి తక్కువే. మనుషుల చావులకు ప్రధాన కారణం చేపల్ని తినే కోనస్ జియోగ్రాఫస్. ‘శంకునత్తలందుఁ జంపెడు నవి కొన్ని’ అనండి.

అలజడి
కండ కదలకుండఁ గట్టివేసె విషమ్ము
ఊపిరాగిపోయె నొక్క గడియ
శ్వాసయంత్ర మచట సమయాని కందక
నత్త కాటు తగిలి నరుఁడు చచ్చె

నిర్వాహకుడు: మూడో పాదం ఈ వారం వచ్చినవాటిలో మేలైనది. ఈ విషానికి విరుగుడు మందు లేదు. నరం నుంచి కండకు కబురు అందకుండా ఈ విషంలోని కోనోటాక్సిన్లు అడ్డుకుంటాయి, ఊపిరి కండరాలు పడిపోతాయి. విషం దిగేదాకా కృత్రిమ శ్వాస అందిస్తే మనిషి బతకవచ్చు. అయితే గడియంటే 24 నిమిషాలు. పక్షవాతం మెల్లగా పాకుతుంది, గంటలు కూడా పట్టవచ్చు. ‘నొయ్యనొయ్య’ అంటే యతి చెడదు, నిజమూ చెడదు.

గవ్వలమూట
వెడలుపంచు పట్టి వీరుఁడ ననుకొన
తొండ మపుడు సాఁగి తోలుఁ దాఁకె
చేతితొడుగు గూడఁ జీల్చెడి ములు నాట
నత్త కాటు తగిలి నరుఁడు చచ్చె

నిర్వాహకుడు: సన్నటి కొసనే నోరుంటుంది కదా, వెడల్పు కొస పట్టుకుంటే భయం లేదనుకునేవారికి ఇది సరైన హెచ్చరిక. తొండం వెనక్కి వంగి చేతిని అందుకోగలదు. ‘చీల్చెడి’ మాత్రం కుదరదు. ఆ ములు ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉన్న పన్ను, చీల్చదు, గుచ్చుతుంది. ‘జిల్లిడు’ అని మార్చండి. మిగతా నత్తలు మేతను గీకే రాడ్యులా పళ్లే ఇక్కడ బాణాలయ్యాయి: సంచిలో నిల్వ ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కసారికే. పన్నే కాబట్టి సమస్యలోని ‘కాటు’ను తప్పుపట్టలేం.

అలజడి: జియోగ్రాఫస్ నోటిని వలలా విప్పి చేపల్ని మింగాకే గుచ్చుతుంది. ముందుగా నీళ్లలోకి ఇన్సులిన్ వదిలి, చక్కెర పడిపోయేలా చేసి మత్తెక్కిస్తుంది. దీనిమీద ఎవరూ రాయలేదేం?

నిర్వాహకుడు: రాయండి, గడువుంది. ఈలోగా కొత్త పాదం: ‘మగఁడె యాలుగాఁగ మఱియుఁ బెరిగె’. ఆధారం క్రెపిడ్యులా నత్తలు: ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి, పైన చిన్నవి మగవి, అడుగున పెద్దవి ఆడవి; మగవే పెరిగి ఆడవవుతాయి.