ఆటిజం ఉన్న మా అబ్బాయి గురించి టీచర్‌తో ఎలా మాట్లాడాలి?

గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఆటిజం ఉంది. ఇంటర్వెల్ గంట మోగగానే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరిపోతాడు. అది మొండితనమనుకుని క్లాస్ టీచర్ వాణ్ని రోజూ వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా అప్పజెప్పే పిల్లవాడు (తల్లిని కదా అని గొప్పలు చెప్పడం లేదు) ఇప్పుడు యూనిఫాం చూస్తేనే ఏడుస్తున్నాడు.

గుర్తింపు పొందిన బడులు ఇలాంటి పిల్లలకు అవసరాన్ని బట్టి తగిన సదుపాయాలు కల్పించేలా ప్రభుత్వం కృషి చేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతున్నా, ఆ మాట ఎత్తితే ఆవిడ మనసు నొచ్చుకుని ఆ కోపం పిల్లవాడి మీద చూపిస్తారేమోనని వెనకాడుతున్నాను. గంట మోగబోతోందని వాడికి ముందే చెప్పడం, బొమ్మల టైంటేబుల్ బల్లకు అంటించడం వంటి చిన్న మార్పులకు మీలో ఎవరైనా టీచర్‌ను ఒప్పించగలిగారా? నోటిమాటగా అడిగారా, రాతపూర్వకంగా ఇచ్చారా?