లాక్టోజ్ ప్యాకెట్టు లేకపోతే అది మిల్క్ స్టౌట్ కాదా?

పొయ్యిగట్టు (లీడ్స్, ఇంగ్లండ్):
శనివారం ఇంట్లో ఒక గ్యాలను, అంటే నాలుగున్నర లీటర్ల మిల్క్ స్టౌట్, అదే లాక్టోజ్ అనే పాల చక్కెర వేసి చేసే నల్ల బీరు, పెడదామనుకుంటున్నాను. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), చేదుకి హాప్స్ పూలు, ఈస్టు ఉన్నాయి. నల్ల రంగుకి పచారీ కొట్లో దొరికే బార్లీనే మూకుడులో కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించాను. ఆ పొగకు ఇంట్లో వాళ్ళు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి. లేనిదల్లా లాక్టోజ్. అలమరలో బెల్లం, పాలపొడి ఉన్నాయి, ఫ్రిజ్‌లో పాలున్నాయి. లాక్టోజ్ పాలలోంచి వచ్చేదే కదా, ప్యాకెట్టు కోసం ఆగడం ఎందుకు?

తూకంరాళ్ళు:
ఆగాలి కాబట్టి. బెల్లం వేస్తే ఈస్టుకు పండగే. దాదాపు అంతా తినేసి మత్తు పెంచుతుంది, బీరును పలచన చేస్తుంది, తీపి మాత్రం మిగల్చదు. లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము బీరు ఈస్టుకు లేదు, అందుకే అది సీసాలోకి చేరేదాకా చెక్కుచెదరదు. తీపి కూడా పంచదారలో ఐదో వంతుకు మించదు. మనకు దానితో పని చిక్కదనం కోసం. 20 లీటర్లకు 450 నుంచి 500 గ్రాములు, మరిగే ఆఖరి పది నిమిషాల్లో వేయాలి. మీ గ్యాలనుకు 110 గ్రాములు చాలు. ఇంత చిన్న పొట్లానికి ఇంత వాదన ఏమిటండీ?

గోదారిగట్టు (డల్లాస్):
పాలపొడి జోలికి వెళ్ళకండి, నేను వెళ్ళి వచ్చాను. వెన్న తీయని పొడి వేశాను. అందులో నాలుగో వంతు కొవ్వే, దానితో నురగ నిలవలేదు. పైగా కేసీన్ అనే పాల మాంసకృత్తు పులుపు కొలత పీహెచ్ 4.6 దగ్గర విరిగిపోతుంది, బీరు పులిసేసరికి ఇంచుమించు అక్కడికే దిగుతుంది. గ్లాసులో తెల్లని తునకలు తేలుతుంటే స్నేహితుడు చెంచా అడిగాడు.

పొయ్యిగట్టు:
ఎలాగూ విరుగుతాయి కదా, ముందే విరగ్గొడితే? పాలు మరగబెట్టి నిమ్మరసం పిండి పనీరు తీస్తాం. కొవ్వు, కేసీన్ చాలావరకు పనీరుతో పోతాయి. పాలు బాగా కాగాయి కాబట్టి మిగతా మాంసకృత్తులు కూడా ఎక్కువగా దాంట్లోకే చేరతాయి. మిగిలిన పచ్చటి తేటలో లీటరుకు 45 నుంచి 50 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అంటే మామూలు నీళ్ళకు బదులు రెండుంపావు లీటర్ల తేట పోస్తే మీరు చెప్పిన 110 గ్రాములు వచ్చేసినట్టే. పనీరు కూరకు, తేట బీరుకు.

తూకంరాళ్ళు:
లెక్క బాగుంది, నాలుక ఒప్పుకోదు. నిమ్మరసం పులుపు తేటలోనే ఉండిపోతుంది. ఆ పులుపుకే పాలలోని కాల్షియం కూడా కరిగి తేటలోకి దిగుతుంది, ఉప్పదనం వస్తుంది. వేయించిన బార్లీ తనవంతు పులుపు ఇస్తూనే ఉంటుంది. దాన్ని స్టౌట్ అనరు, చారు అంటారు.

సీసామూత:
అసలు ఆ పేరులోనే మోసం ఉంది. కెంట్‌లోని హైత్ ఊళ్ళో మెకసన్ వారు 1907లో దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ బలానికి మంచిదని అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో సీసా మీద పాల పేరు వాడవద్దన్నారు. అందువల్ల పొయ్యిగట్టు గారిది మిల్క్ స్టౌట్ అవునా కాదా అన్న తగువు మనం తెగ్గొట్టేది కాదు.

కొత్తకుండ (హైదరాబాద్):
చదువుతుంటే నోరూరుతోంది. ఇక్కడ పెట్టుకోవచ్చా?

సీసామూత:
కూడదు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు తీసేశారు, అమెరికాలో 1978 చట్టం దారి తెరిచింది. మనకు అలాంటిది రాలేదు.

పొయ్యిగట్టు (ఐదు వారాల తర్వాత):
పంతం కొద్దీ ప్యాకెట్టు కూడా కొన్నాను. ఒకే మాల్టు కషాయాన్ని రెండు జాడీల్లో పోశాను, ఒకదానికి తేట, ఒకదానికి ప్యాకెట్టు. పులియడం ఆగాక రెండిట్లోనూ హైడ్రోమీటరు (సాంద్రత కొలిచే గొట్టం, ఈస్టు చక్కెర తినేకొద్దీ దాని అంకె దిగుతుంది) 1.022 దగ్గరే నిలిచింది. లాక్టోజ్ ఉన్న బీరు ఇంతకంటే పెద్దగా దిగదని తెలియక గతంలో ఒకసారి, ఈస్టు చచ్చిపోయిందనుకుని మళ్ళీ ఈస్టు పోసిన ఘనుడిని నేను.

నలుగురికి పేరు చెప్పకుండా ఇచ్చాను. ముగ్గురు ప్యాకెట్టు వైపు. తేటలో గుటక చివర ఉప్పు తగిలిందన్నారు, అది నాకూ తగిలింది. నాలుగో ఆయన మాత్రం మజ్జిగ మరక ఉన్నట్టుందని ఇంకో గ్లాసు అడిగాడు. నురగ రెండిట్లోనూ నిలిచింది.

తూకంరాళ్ళు:
మూడుకి ఒకటి. ఒప్పుకోండి.

పొయ్యిగట్టు:
ఉప్పు సంగతి ఒప్పుకుంటాను. ఈసారి నిమ్మరసం మానేసి, చీజ్ చేయడానికి పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తో విరగ్గొడతాను. పులుపు ఉండదు, కాల్షియం చాలావరకు గడ్డలోనే ఉండిపోతుంది.

గోదారిగట్టు:
రెన్నెట్ కొనడానికి వెళ్ళే కొట్లోనే లాక్టోజ్ కూడా అమ్ముతారేమో చూడండి. ఒక్క మాట, పాలు పడనివాళ్ళకు ఈ గ్లాసు ఇచ్చేముందు చెప్పండి. బీరులో పాల చక్కెర ఉంటుందని ఎవరూ అనుకోరు. మా తోడల్లుడు ఆ రాత్రంతా నన్ను తలచుకున్నాడు.