అప్‌డేట్: నాన్నగారి స్టోమా బ్యాగ్ లీకేజీ ఆగింది

పేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో నాన్నగారికి ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట మీదకు తెచ్చి చేసే దారి; బయటికి కనిపించే ఆ పేగు కొననే స్టోమా అంటారు, మలం అందులోంచి బ్యాగ్‌లోకి వస్తుంది) పెట్టారని, బ్యాగ్ ఊరికే లీకై చుట్టూ చర్మం మండిపోతోందని ఇదివరకు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్, ఇప్పుడు చాలా నయం.

స్టోమా నర్సు గారు చూడగానే చెప్పేశారు. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుందట, అందుకే బ్యాగ్‌ను చర్మానికి పట్టించే జిగురు ప్లేటులో రంధ్రానికి ఆసుపత్రిలో ఇచ్చిన కొలత ఇప్పుడు వదులైపోయింది, ఆ సందులో చేరే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి కాబట్టి అది చర్మాన్ని తినేస్తోంది. ఇప్పుడు ఆ రంధ్రాన్ని స్టోమా కన్నా 2 మిల్లీమీటర్లే ఎక్కువ ఉండేలా కత్తిరిస్తున్నాం. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, చర్మం పూర్తిగా ఆరాక ప్లేటు అంటించి, అరచేతి వేడి తగిలేలా కాసేపు అదిమి పట్టుకుంటాను. నూనె, క్రీము రాస్తే జిగురు పట్టదు. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేసేయాలి, బరువెక్కితే ప్లేటు ఊడొస్తుంది.

అమ్మ మొదట్లో ముట్టుకోవడానికే భయపడేది. స్టోమాకి నొప్పి తెలియదని, ఎర్రగా తడిగా ఉంటేనే మంచిదని తెలిశాక ఆ టెన్షన్ పోయి తనే మారుస్తోంది. నల్లబడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇలియోస్టమీ వల్ల ఒంట్లో ఉప్పు, నీళ్లు త్వరగా పోతాయి, ఒట్టి మంచినీళ్లు చాలవు, డాక్టరు చెప్పినట్టు ఓఆర్‌ఎస్ ఇస్తున్నాం.

ఇడ్లీ, పెరుగన్నం బాగానే పడుతున్నాయి. కొబ్బరి పచ్చడి కావాలంటున్నారు కానీ, పీచు అడ్డుపడుతుందని డాక్టరు ఇంకొన్నాళ్లు ఆగమన్నారు.