స్విగ్గీ, జొమాటో, క్విక్ కామర్స్: హైదరాబాద్‌లో పూర్తికాలం డెలివరీ పనికి ఏది మేలు?

ప్రశ్న: ఉప్పల్_స్ప్లెండర్

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకు 27 ఏళ్లు. ఉప్పల్‌లో అద్దెకు ఉంటూ, నాచారం పారిశ్రామికవాడలోని ఒక గోదాములో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కోతలన్నీ పోను నెలకు 16,000 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల. బిడ్డ పుట్టేనాటికి ఆదాయం కొంత పెంచుకోకపోతే ఇల్లు గడవదని తోచి, ఉద్యోగం మానేసి పూర్తికాలం డెలివరీ పనిలోకి దిగాలా అని ఆలోచిస్తున్నాను.

మా వీధి చివర స్తంభానికి అంటించిన ప్రకటనలో నెలకు 40,000 వరకు సంపాదించవచ్చని ఉంది. నాతో చదువుకున్న మిత్రుడు మాత్రం పెట్రోలు ఖర్చు పోతే ఏమీ మిగలదంటున్నాడు. నా దగ్గర 2018 నాటి స్ప్లెండర్ ఉంది. లీటరుకు ఇంకా 45 కిలోమీటర్లు ఇస్తోంది. స్విగ్గీ, జొమాటో, లేదా కిరాణా సరుకులు నిమిషాల్లో ఇంటికి చేర్చే బ్లింకిట్, జెప్టో వంటి క్విక్ కామర్స్, వీటిలో దేనిలో చేరితే నిలకడగా ఆదాయం ఉంటుంది? రెండు యాప్‌లలో ఒకేసారి పనిచేయవచ్చా? బండికి ఇప్పుడున్న ఇన్సూరెన్స్ సరిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సమాధానం: తార్నాక_పాత_రైడర్

తమ్ముడూ, నేను 2019 నుంచి ఈ పనిలో ఉన్నాను. చేరిన కొత్తలో ఉబర్ ఈట్స్ కూడా ఉండేది కాబట్టి, ఒక యాప్‌లో రేటు తగ్గిస్తే ఇంకొక దానికి మారే వీలు మాకు ఉండేది. 2020 జనవరిలో ఉబర్ ఈట్స్ భారత వ్యాపారాన్ని జొమాటో కొనుగోలు చేశాక హోటల్ భోజనం విషయంలో ప్రధానంగా రెండే మిగిలాయి. క్విక్ కామర్స్‌లో కూడా బ్లింకిట్ జొమాటో మాతృసంస్థదే, ఇన్‌స్టామార్ట్ స్విగ్గీదే, జెప్టో వేరే సంస్థ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు మీరు అనుకున్నంత బరువు లేదు. ఒకే యాప్‌లో పనిచేసే ఇద్దరు రైడర్ల మధ్య, వాళ్లు తిరిగే జోన్‌ను బట్టి వచ్చే తేడా, రెండు యాప్‌ల మధ్య ఉండే తేడా కంటే ఎక్కువగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

మాదాపూర్, కొండాపూర్ వైపు ఆర్డర్లు దండిగా ఉంటాయి, రైడర్లూ అంతే దండిగా ఉంటారు. మీ ఉప్పల్, బోడుప్పల్ వైపు రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా పని బాగానే ఉంటుంది గాని, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు ఫోను మోగదు. అసలు కష్టం దూరపు ఆర్డర్లతో వస్తుంది. బిర్యానీ పట్టుకొని మేడిపల్లి దాటి నారపల్లి దాకా వెళితే, అక్కడి నుంచి తిరిగి వచ్చే ఎనిమిది కిలోమీటర్లకు నాకు చాలాసార్లు పైసా రాలేదు.

ప్రకటనలో కనిపించే 40,000 ఎలా తయారవుతుందో తెలియాలంటే ఒక రోజు లెక్క చూడాలి. నా నోటుపుస్తకంలోని ఒక మామూలు రోజు ఇది. భోజన విరామం తీసేస్తే 11 గంటలు లాగిన్‌లో ఉన్నాను, 24 ఆర్డర్లు ఇచ్చాను. ఆర్డర్ల మీద 850, అనుకున్నన్ని ఆర్డర్లు పూర్తిచేసినందుకు ఇన్సెంటివ్ 300, మొత్తం 1,150 రూపాయలు యాప్ చూపించింది. యాప్ లెక్కకట్టిన దూరం 95 కిలోమీటర్లు, బండి మీటరు మీద తిరిగింది 140. నా బండి కూడా 45 ఇస్తుంది. అప్పటి లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలుకు 333 అయింది. ఇంజిన్ ఆయిల్, చైన్ సెట్, బ్రేక్ షూలు, టైర్ల ఖర్చును ఏడాది మొత్తానికి కూడి చూస్తే నాకు కిలోమీటరుకు 80 పైసలు పడుతోంది, అంటే ఆ రోజుకు 112. ఫోను రీఛార్జికి 13 వేసుకోండి. మొత్తం ఖర్చు 458 పోగా మిగిలింది 692 రూపాయలు, అంటే గంటకు 63. ఇన్సెంటివ్‌కు ఒక్క ఆర్డరు తక్కువై ఆ 300 తప్పిపోయి ఉంటే మిగిలేది 392, గంటకు 36 కూడా నిండదు.

ఆ 692 చొప్పున నెలకు 26 రోజులు చేస్తే 18,000కు కాస్త తక్కువ. వానలు, పండుగలు, ఐపీఎల్ రాత్రులు కలిసివస్తే ఇంతకంటే బాగా వచ్చిన నెలలూ ఉన్నాయి. బండి పాడై ఐదు రోజులు ఇంట్లో కూర్చున్న నెలలూ ఉన్నాయి. రోజుకు 14 గంటలు, నెలలో 30 రోజులూ తిరిగితే 40,000 దగ్గరికి వెళ్లేవారు లేకపోలేదు, కానీ అది ఖర్చులు తీయకముందు అంకె.

ఇంకొక మాట మీరు అడగకపోయినా చెప్పాలి. 21,000 లోపు జీతంతో గోదాములో పనిచేస్తున్నారు కాబట్టి మీకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా), పీఎఫ్ కోత పడుతూ ఉండాలి, ఒకసారి పే స్లిప్ చూసుకోండి. ఈఎస్‌ఐ ఉంటే మీ భార్యకు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో కాన్పు వరకు వైద్యం ఉచితంగా జరుగుతుంది. పీఎఫ్‌లో మీ వాటాకు సమానంగా యజమాని వాటా కూడా పడుతుంది. ఏ యాప్‌లో చేరినా ఈ రెండూ ఉండవు. ఉద్యోగం మానేశాక ఈఎస్‌ఐ వైద్యం ఎంతకాలం కొనసాగుతుందన్నది మీ చందా కాలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రాజీనామా కాగితం ఇవ్వకముందే ఈఎస్‌ఐ శాఖా కార్యాలయానికి వెళ్లి అడగండి. 16,000కూ 18,000కూ మధ్య ఉన్న 2,000 కోసం ఐదో నెలలో ఆ ఆసరాను వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

సమాధానం: మియాపూర్_ఈవీ

తమ్ముడికి, పై అన్నగారు హోటల్ ఆర్డర్ల గురించి వివరంగా చెప్పారు కాబట్టి నేను క్విక్ కామర్స్ సంగతి చెబుతాను. నేను మియాపూర్ వైపు ఒక స్టోరులో పనిచేస్తున్నాను. ఇక్కడ హోటల్ ముందు అరగంట నిలబడే బాధ లేదు. సరుకు సంచి కట్టి సిద్ధంగా ఉంటుంది, దూరం సాధారణంగా రెండు మూడు కిలోమీటర్లు దాటదు, మళ్లీ అదే స్టోరుకు వస్తాము కాబట్టి ఖాళీగా తిరిగే దారి కూడా చిన్నదే. పెట్రోలు బండికి ఇది బాగా కలిసివస్తుంది. నేను వారం అద్దెకు తీసుకున్న ఎలక్ట్రిక్ స్కూటరు నడుపుతాను. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారు ఉన్న బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. లైసెన్సు లేక ఆగిపోయిన ఇద్దరు ఆడవాళ్లు మా స్టోరులో అలాగే పనిలో చేరారు. అయితే పని ఉన్నా లేకపోయినా వారం తిరిగేసరికి అద్దె కట్టాల్సిందే.

దూరం తగ్గిన మేరకు ఆర్డరుకు వచ్చే డబ్బూ తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. పది కిలోల బియ్యం, నూనె డబ్బాలు, నీళ్ల కేసు ఒకే ఆర్డరులో వస్తాయి. కొన్ని అపార్ట్‌మెంట్లలో మమ్మల్ని మామూలు లిఫ్టు ఎక్కనివ్వరు, సర్వీసు లిఫ్టు పాడైతే మెట్లే గతి. ఐదో అంతస్తు వరకు ఆ బరువు మోసి దిగేసరికి పట్టే సమయానికి ఎవరూ లెక్క కట్టరు. మీకు నడుము నొప్పి ఉంటే ఈ పని జోలికి వెళ్లకండి.

ఆడవాళ్లకు మాత్రం ఒక కారణం చేత ఇది మేలని చెబుతాను. హోటల్ ఆర్డర్లు చేసిన ఎనిమిది నెలలూ మరుగుదొడ్డి కోసం వెతుక్కోవలసి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించుకొని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నాను. స్టోరులో కనీసం ఒకటి ఉంది. చేరే ముందు స్టోరుకు ఒకసారి వెళ్లి, కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి. పక్క పక్క స్టోరుల మధ్యే ఇందులో చాలా తేడా ఉంటుంది.

సమాధానం: బెజవాడ_బందరురోడ్డు

నేను విజయవాడలో చేస్తున్నాను కాబట్టి రెండే మాటలు చెబుతాను. మా దగ్గర మధ్యాహ్నం, రాత్రి భోజన వేళలు తప్ప మిగతా సమయంలో ఆర్డర్లు పలచగా ఉంటాయి; మే నెల ఎండలో బెంజి సర్కిల్ దగ్గర నీడ కోసం చూస్తూ నిలబడటంతోనే సగం రోజు పోతుంది. అందువల్ల నేను పగలు ఒక కొరియర్ కార్యాలయంలో పనిచేసి, రాత్రి ఏడు నుంచి పదకొండు వరకే లాగిన్ అవుతాను. గంటల లెక్కన చూస్తే, పూర్తికాలం చేసిన రోజుల కంటే నాకు ఇప్పుడే ఎక్కువ మిగులుతోంది.

సమాధానం: మెట్టుగూడ_రైడర్

ఇన్సూరెన్స్ గురించి అడిగారు కాబట్టి, చేదు అనుభవం ఉన్నవాడిగా రాస్తున్నాను. నిరుడు తార్నాక దగ్గర వానలో బండి జారి నా కాలరు ఎముక విరిగింది. అప్పటికి ఆర్డరు ఇచ్చేసి తిరిగి వస్తున్నాను. యాప్ తరఫున బీమా ఉందనే ధైర్యంతో ఫోను చేస్తే, ప్రమాద సమయంలో చేతిలో ఆర్డరు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. లేదని తేలడంతో దరఖాస్తు తిరస్కరించారు. రెండున్నర నెలలు పని లేదు. అందుచేత ఏ యాప్‌లో చేరినా, బీమా లాగిన్‌లో ఉన్నంతసేపూ వర్తిస్తుందా, ఆర్డరు చేతిలో ఉన్నప్పుడే వర్తిస్తుందా, ఆసుపత్రి ఖర్చుకు పరిమితి ఎంత, పని పోయిన రోజులకు ఏమైనా ఇస్తారా అనేవి యాప్‌లోని బీమా పత్రంలో చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నా దృష్టిలో యాప్‌లను పోల్చి చూడవలసిన మొదటి విషయం ఇదే.

ఇక మీ బండి పాలసీ బయటికి తీసి, వాడకంపై పరిమితులు అనే భాగం చూడండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో, బండిని కిరాయికి గాని, డబ్బు తీసుకొని సరుకు మోయడానికి గాని వాడితే వర్తించదని రాసి ఉంటుంది. బండికి జరిగిన నష్టాన్ని అడిగినప్పుడు ఈ వాక్యమే అడ్డుపడుతుంది. డెలివరీకి వాడుతున్నానని ముందే చెప్పి, దానికి తగిన పాలసీ ఇవ్వమని అడగడం మంచిది. యజమానే నడిపేవాడైతే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. కొన్ని వందల రూపాయలు తగ్గుతాయని చాలామంది దాన్ని తీయించేస్తారు, మీరు ఆ పని చేయకండి. అది మరణానికి, శాశ్వత వైకల్యానికే వర్తిస్తుంది, నాలాంటి ఎముక విరిగిన కేసుకు కాదు.

ప్రభుత్వం వైపు చూస్తే, తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు, అంటే మనలా యాప్‌ల ద్వారా పనిచేసేవారికి, 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్రం చేసిన సామాజిక భద్రతా కోడ్, 2020 అన్నది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సంక్షేమ నిధికి కట్టాలి. రెండు యాప్‌ల సంగతి అడిగారు కదా, 2025 డిసెంబరు చివరలో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో దీనికి సంబంధం ఉంది: ఏడాదిలో ఒకే సంస్థ దగ్గర 90 రోజులు గాని, ఒకటి కంటే ఎక్కువ సంస్థల దగ్గర కలిపి 120 రోజులు గాని పనిచేసినవారికే ప్రయోజనాలు అందుతాయని అందులో ఉంది. ఏ యాప్‌లో చేరినా, కేంద్రం కార్మికుల నమోదు కోసం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఆధార్‌కు ముడిపడిన ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది.

ప్రశ్న వేసినవారు: ఉప్పల్_స్ప్లెండర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తార్నాక అన్నగారి లెక్క చదివాక నేనూ, నా భార్యా కూర్చొని పే స్లిప్ చూశాము. ఈఎస్‌ఐ కోత నాలుగేళ్లుగా పడుతోంది. కార్డు తీసుకోవాలని ఇన్నాళ్లూ నేనే పట్టించుకోలేదు. సోమవారం కార్యాలయానికి వెళుతున్నాను. కాన్పు అయ్యేవరకు ఉద్యోగం మానను. గోదాము నుంచి వచ్చాక రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర వరకు, ఆదివారాలు పూర్తిగా ఒక యాప్‌లో చేసి చూస్తాను. మీటరు రీడింగు, లాగిన్ గంటలు రెండూ రాసుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు మన దగ్గరే ఉంటుంది కదా, దాన్ని ఎలా చూసుకోవాలి?

సమాధానం: తార్నాక_పాత_రైడర్

మంచి నిర్ణయం తీసుకున్నారు, తమ్ముడూ. ఆ డబ్బు మీది కాదని మొదటి రోజు నుంచే అనుకోండి. జేబులో 2,000 కనిపిస్తే పెట్రోలుకు, పాలకు వాడేస్తాము, చేతిలో ఉండవలసిన నగదు పరిమితి దాటగానే ఆర్డర్లు రావడం ఆగిపోతుంది, అప్పు చేసి కట్టవలసి వస్తుంది. నేను ఆ తప్పు మూడు నెలలు చేశాను. నగదుకు విడిగా ఒక పర్సు పెట్టుకొని, ఇంటికి వెళ్లేముందు యాప్‌లోనే యూపీఐ ద్వారా అంత మొత్తం కట్టేసి, రసీదు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ వారపు జమలో పన్ను కింద 1 శాతం కోత కనిపిస్తే అది కూడా నోటుపుస్తకంలో రాసుకోండి. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే, ఏడాది చివర రిటర్ను దాఖలు చేసినప్పుడు అది వెనక్కి వస్తుంది. మొదటి నాలుగు ఆదివారాల లెక్క ఇక్కడ పెట్టండి, దూరం, గంటలు చూసి ఏ వేళలు వదిలేయాలో చెబుతాను.